చెక్కవేణువుపై క్లెజ్మర్, రొమానీ సంగీతం: పునరుద్ధరణ – అనువాదం

వ్యాససంగ్రహం

తూర్పు ఐరోపా యూదుల వివాహవాద్యసంగీతమైన క్లెజ్మర్‌ను, రొమానీ వృత్తికళాకారుల సంగీతాన్ని పాతకాలపు చెక్కవేణువులపై వాయించే కళాకారులు ఇటీవలి దశాబ్దాలలో కనిపిస్తున్నారు. ఈ రెండింటినీ ఒకే ప్రయత్నంగా పరిగణించడం పరిపాటి. అయితే వేణువుతో ఈ రెండు సంప్రదాయాలకు గల చారిత్రకసంబంధం ఒకటి కాదు. క్లెజ్మర్‌లో చెక్కవేణువుకు ఆధారాలతో కూడిన స్థానముంది. రొమానీ సంగీతంలో దాని ప్రవేశం చాలావరకు మరొక వాద్యపు భాషను అనువదించడమే. ఈ భేదాన్ని వేణునిర్మాణం, స్వరపద్ధతులు, గమకాలు, ఆధారాల స్వభావం దృష్ట్యా వివరించడం ప్రస్తుతవ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్లెజ్మర్, రొమానీ, లౌతార్లు, చెక్కవేణువు, మేళకర్త, గమకం, వాద్యనిర్మాణం.

1. ప్రవేశిక

నేటి బెలారుస్‌లోని ష్క్లోవ్ పట్టణంలో 1806లో పుట్టిన మిఖాయెల్ యోసెఫ్ గుజికోవ్ వంశపారంపర్యంగా వివాహాలలో వాయించే యూదు వాద్యకారుల ఇంటివాడు. అతని తొలివాద్యం వేణువు. ఊపిరితిత్తుల వ్యాధి సోకడంతో 1830ల ఆరంభంలో ఊదడం మానుకోవలసివచ్చింది. అప్పుడతడు గడ్డిమోపులపై చెక్కబద్దలు పేర్చి చిన్నకర్రలతో వాయించే ఒక సామాన్యవాద్యాన్ని చేపట్టి, దానితోనే వియన్నా, లైప్‌జిగ్, పారిస్ నగరాలలో కచేరీలు చేశాడు. 1836లో అతని వాదనం విన్న మెండెల్సన్ ఎంతగానో ముగ్ధుడయ్యాడు. మరుసటి ఏడాదే, 1837లో, గుజికోవ్ జర్మనీలోని ఆహెన్ నగరంలో మరణించాడు. సంగీతచరిత్ర అతన్ని చెక్కబద్దల వాద్యకారుడిగానే గుర్తుంచుకుంది. అతడు వదిలిపెట్టిన వేణువును గురించి రాసినవారు తక్కువ.

ఈ ఉదంతం ఒక్క వ్యక్తికి పరిమితమైనది కాదు. క్లెజ్మర్ అనగానే నేటి శ్రోతకు స్ఫురించేది క్లారినెట్. అంతకుముందు యుగానికి వయొలిన్. వేణువు ఈ రెండింటి నడుమ కనుమరుగైన వాద్యం. దానిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నవారు చేస్తున్న పని ఏమిటి? పాతదానిని తిరిగి వినిపించడమా, లేక కొత్తదానికి పాత పేరు పెట్టడమా? ఇదే ప్రయత్నం రొమానీ సంగీతం విషయంలో జరిగినప్పుడు సమాధానం మారుతుందా?

2. క్లెజ్మర్ మేళంలో వేణువు

హీబ్రూలో ‘క్లే’ అంటే పాత్ర లేదా పరికరం, ‘జెమెర్’ అంటే పాట. ఈ రెండు పదాల కలయికగా మొదట వాద్యానికి, ఆపై వాద్యకారునికి ‘క్లెజ్మర్’ అనే పేరు వచ్చింది. ఒక సంగీతశైలికి పేరుగా ఇది స్థిరపడటం ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో, ముఖ్యంగా 1970ల తరువాత అమెరికాలో జరిగిన పునరుజ్జీవనంలో. యిద్దిష్ మాట్లాడే సమాజాలలో ఇది వృత్తి. లిథువేనియా, బెలారుస్, ఉక్రెయిన్, గలీషియా, బెస్సరాబియా, మోల్దావియా ప్రాంతాలలో వివాహానికి వాయించడం వారి ప్రధానజీవనాధారం. పెళ్ళికూతురిని పీటపై కూర్చోబెట్టే ఘట్టం, అతిథులకు స్వాగతం, వీథి ఊరేగింపు, నృత్యాలు, తెల్లవారే వేళ వీడ్కోలు – వేటికవే ప్రత్యేకమైన బాణీలు. ఆశువుగా పద్యాలు చెప్పి వధువును ఏడిపించి, ఆపై అందరినీ నవ్వించే ‘బద్ఖన్’ అనే వ్యాఖ్యాత మేళానికి తోడుగా ఉండేవాడు.

పాతకాలపు మేళంలో ప్రధానవయొలిన్, తోడువయొలిన్లు, ‘త్సింబ్ల్’ అనే సంతూర్‌వంటి తంత్రీవాద్యం, బాస్, వేణువు ఉండేవి. యిద్దిష్‌లో వేణువు పేరు ‘ఫ్లైట్’. కొన్ని పట్టణాలలో యూదు వాద్యకారులు పెద్దగా మోగే వాద్యాలు వాయించరాదన్న నిషేధాలుండేవి. ఈ మెత్తని వాద్యాల కూర్పుకు అదీ ఒక కారణం. వేణువు పని వయొలిన్‌కు పక్కవాద్యంగా సంవాదం చేయడం కాదు. అదే బాణీని, తరచుగా పైస్థాయిలో, తనదైన గమకాలతో ఏకకాలంలో వాయించడం. పాటకుని వెన్నంటి నడిచే మన వయొలిన్ పద్ధతి తెలిసినవారికి ఈ జంటగమనం కొత్తగా తోచదు.

1827లో రష్యా చక్రవర్తి మొదటి నికొలాయ్ యూదులకు నిర్బంధసైనికసేవను విధించాడు. సైనికబ్యాండ్లలో క్లారినెట్, ఇత్తడివాద్యాలు నేర్చినవారు ఊళ్ళకు తిరిగివచ్చి మేళాలలో చేరారు. ఆరుబయట నృత్యానికి క్లారినెట్ గట్టిగా వినబడుతుంది, వయొలిన్‌లాగే మూలుగుతుంది, నవ్వుతుంది. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి నాయకత్వం దాని చేతికి వచ్చింది. 1910లలో అమెరికాలో వెలువడిన కొన్ని రికార్డులలో చిన్నవేణువైన పికలో వినిపిస్తుంది గానీ అది మేళం పైన మెరిసే అలంకారం మాత్రమే. న్యూయార్కులో క్లారినెట్ చక్రవర్తిగా పేరొందిన డేవ్ టారస్ సైతం ఉక్రెయిన్‌లోని బాల్యంలో క్లారినెట్‌కు ముందు వేణువు పట్టినవాడే. అంటే వేణువు మాయమైనది ఒకే తరంలో కాదు. చాలామందికి అది మొదటి మెట్టుగా మిగిలిపోయింది.

3. ‘చారిత్రకవేణువు’ అంటే ఏది?

పరిశోధకులు కూడా ఇక్కడ తరచుగా పొరపడుతుంటారు. చారిత్రకవేణువు అనగానే బాఖ్ కాలపు ఒకే మీట గల బరోక్ వేణువును ఊహించుకోవడం అలవాటు. అది ఆరు రంధ్రాలు, కుడిచేతి చిటికెనవేలికి ఒక మీట, కిందికి పోనుపోనూ సన్నబడే లోపలిగొట్టం ఉన్న వాద్యం. ఆరు రంధ్రాలూ మూస్తే ‘డి’ స్వరం పలుకుతుంది. మన వేణువులో షడ్జం పై రెండు రంధ్రాలు మూసినప్పుడు వస్తుందన్నది తెలిసినదే. ఐరోపా వాద్యానికి ఆధారస్వరం గొట్టం అంతా మూసినప్పుడు వచ్చేదే కావడం వల్ల, వేళ్ళ తర్కమంతా కింది నుండి పైకి నడుస్తుంది.

పద్దెనిమిదవ శతాబ్దపు ద్వితీయార్ధంలో మీటలు పెరిగాయి. నాలుగు, ఆరు, ఎనిమిది మీటల వేణువులు వాడుకలోకి వచ్చాయి. వియన్నాలో స్టెఫాన్ కోఖ్, యోహాన్ జీగ్లర్ వంటి నిర్మాతల వేణువులలో కొన్ని మంద్రంలో ‘జి’ దాకా దిగేవి. హనోవర్ నగరానికి చెందిన మేయర్ నమూనాను అనుసరించి జర్మనీలో తయారైన చవకవేణువులు పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఎన్నో దేశాలకు చేరాయి. మరోవైపు, మ్యూనిక్‌లో థియొబాల్ట్ బోమ్ 1832లో వలయాకార మీటలతో, 1847లో స్తంభాకారపు గొట్టంతో రూపొందించిన వేణువే నేడు పాశ్చాత్యవాద్యబృందాలన్నింటా ఉన్నది. అందులో ప్రతి స్వరానికీ తగిన చోట పెద్దరంధ్రం ఉంటుంది. ప్రతి స్వరమూ దాదాపు ఒకే బలంతో పలుకుతుంది.

1870లలో పొదోలియాలోని ఒక పెళ్ళిలో వాయించిన యూదు వాద్యకారుని చేతిలో ఏముండేది? చేయవలసిన ఊహ ఏదైనా ఉంటే అది మీటలున్న మధ్యఐరోపా చెక్కవేణువు వైపే మొగ్గాలి. ఒకే మీట గల బరోక్ వేణువుపై 1880ల నృత్యబాణీ వాయించి ‘చారిత్రకం’ అనడం కాలక్రమాన్ని తారుమారు చేయడమే. అలాగని ఆ ప్రయోగం వ్యర్థమని కాదు. మీటలు లేని వాద్యం స్వరపద్ధతుల విషయంలో బయటపెట్టే సంగతులున్నాయి.

4. స్వరపద్ధతులు: మేళకర్తల సాయంతో

క్లెజ్మర్ బాణీలలో విస్తృతంగా కనిపించే స్వరపద్ధతులలో ఒకదానిని యిద్దిష్ వాడుకలో ‘ఫ్రైగిష్’ అంటారు. ప్రార్థనాగాయకుల పరిభాషలో దానిపేరు ‘అహవా రబ్బా’. షడ్జం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. స్వరస్థానాల దృష్ట్యా ఇది పద్నాలుగవ మేళకర్త వకుళాభరణం. మరొకటి ‘మి షెబెరఖ్’. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం గల ఈ వరుస యాభై ఎనిమిదవ మేళకర్త హేమవతికి సమానం. ఇక హంగేరియన్ ‘జిప్సీ మైనర్’ అని పాశ్చాత్యగ్రంథాలు పేర్కొనే వరుస మన సింహేంద్రమధ్యమం.

ఈ సమానత్వం స్వరస్థానాలకే పరిమితమన్న సంగతి నొక్కి చెప్పవలసి ఉంది. రాగానికి ప్రాణమైన సంచారం, విశ్రాంతిస్థానాలు, గమకాలు ఇందులో లేవు. ఫ్రైగిష్‌లో షడ్జం దిగువకు వెళ్ళినప్పుడు ధైవతం తరచుగా పెరుగుతుంది. బాణీ మధ్యలో మధ్యమాన్ని కొత్త ఆధారంగా చేసుకుని నడవడమూ మామూలే. వకుళాభరణం ఆలపించినట్లు దానిని ఆలపిస్తే అది క్లెజ్మర్ కాదు. మేళకర్తపట్టిక ఇక్కడ మనకు ఒక చిరునామాను ఇస్తుంది, అంతే; ఇంటిలోపల ఎవరున్నారో చెప్పదు.

‘డి’ని షడ్జంగా తీసుకుని ఒకే మీట గల వేణువుపై ఫ్రైగిష్ వాయించి చూద్దాం. శుద్ధ రిషభం మీటతో స్పష్టంగా పలుకుతుంది. అంతర గాంధారం, మధ్యమం, పంచమం రంధ్రాలను వరుసగా తెరిస్తే వచ్చేవే. శుద్ధ ధైవతానికి మాత్రం మొదటి రంధ్రాన్ని మూసి, రెండవదానిని తెరిచి, కింద మళ్ళీ మూయాలి. కైశికి నిషాదానికి మొదటిదానిని తెరిచి దాని కింది రెండింటిని మూయాలి. ఇలా నడుమ ఒక రంధ్రం తెరిచి దిగువన మూసే పద్ధతిని క్రాస్ ఫింగరింగ్ అంటారు. గాలి తెరిచిన రంధ్రం దగ్గర ఆగక, మూసిన భాగం గుండా చుట్టి రావడంతో ఆ స్వరం మసకబారుతుంది, ముసుగు వేసుకున్నట్లు వినిపిస్తుంది. ఫలితంగా షడ్జం నుండి పంచమం దాకా వెలుతురు, ఆపై ధైవత నిషాదాలలో నీడ. ఈ వెలుగునీడలు వాద్యకారుడు కల్పించినవి కావు, వాద్యమే ఇచ్చినవి.

హేమవతి వంటి మి షెబెరఖ్‌లో పరిస్థితి తలకిందులవుతుంది. సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, కైశికి నిషాదం మూడూ క్రాస్ ఫింగరింగ్‌తో పలికేవే. ఆ పద్ధతికి ముఖం వంటి రెండు స్వరాలూ, అంటే గాంధార మధ్యమాలు, మసకబారినవే అవుతాయి. వయొలిన్‌పై తీక్షణంగా వినిపించే ఆ అంతరం మీటలు లేని వేణువుపై గుసగుసలా మారుతుంది. ఎనిమిది మీటల వేణువులో ఆ రెండు స్వరాలకూ విడివిడిగా మీటలున్నాయి. మీట వాడితే స్వరం బలపడుతుంది, వాడకపోతే పాత నీడ దక్కుతుంది. ఒకే స్వరానికి రెండు రంగులున్న ఈ వెసులుబాటు బోమ్ వేణువులో లేదు. మీటలున్న చెక్కవేణువే క్లెజ్మర్‌కు అత్యంత ఉచితమని ఈ వ్యాసకర్త భావించడానికి కాలక్రమంతో పాటు ఇదీ ఒక కారణం.

ఇంకొక సూక్ష్మం. బరోక్ వేణువులో అయిదవ రంధ్రమే అంతర గాంధారాన్నీ, క్రాస్ ఫింగరింగ్‌తో సాధారణ గాంధారాన్నీ నిర్ణయిస్తుంది. రంధ్రం పెద్దదైతే సాధారణ గాంధారం మితిమీరి పెరుగుతుంది. చిన్నదైతే అంతర గాంధారం తగ్గుతుంది. నిర్మాతలు మధ్యేమార్గం పట్టారు. కాబట్టి అంతర గాంధారం సహజంగానే కాస్త తక్కువ శ్రుతిలో ఉంటుంది. పాశ్చాత్యసంగీతం వాయించేటప్పుడు దీన్ని ఊదుడుతో సరిదిద్దుతారు. ఫ్రైగిష్‌లో సరిదిద్దకుండా వదిలేస్తే రిషభగాంధారాల నడుమ అంతరం కుదించుకుపోతుంది. ఒట్టోమన్ సంప్రదాయంలోని ‘హిజాజ్’ మకాంలో రిషభం కొంచెం ఎక్కువగా, గాంధారం కొంచెం తక్కువగా ఉండి ఆ అంతరం పియానోపై కంటే ఇరుకుగా ఉంటుంది. ఒట్టోమన్ ప్రభావమున్న మోల్దావియా బాణీలకు ఈ ఇరుకు అంతరం నప్పుతుంది. ఇది వేణునిర్మాతలు ఉద్దేశించిన ఫలితం కాదు; కాకతాళీయం. కాకతాళీయాన్ని సంప్రదాయంగా ప్రకటించకుండా ఉపయోగించుకోవడమే వాద్యకారుని విజ్ఞత.

5. గమకాలు

యిద్దిష్ పరిభాషలో గమకాలకు శరీరానికి సంబంధించిన పేర్లుంటాయి. ‘క్రెఖ్త్స్’ అంటే మూలుగు. ‘క్నేచ్’ అంటే మడత. ‘గ్లిచ్’ అంటే జారడం. ‘డ్రైడెల్’ అంటే గిర్రున తిరిగేది. ప్రధానస్వరం చుట్టూ వేగంగా చేసే ప్రదక్షిణ.

వీటిలో క్రెఖ్త్స్ కీలకం. వయొలిన్‌పై స్వరం చివర పైవేలితో తంత్రిని అరకొరగా తాకి శబ్దాన్ని గొంతు నొక్కినట్లు ఆపుతారు. ఏడుస్తూ మాట్లాడేవారి గొంతు మధ్యలో పూడిపోవడం వంటిది అది. వేణువుపై దానిని సాధించడానికి రెండు పనులు ఒకేసారి జరగాలి: పై రంధ్రం మీది వేలు ఒక్క క్షణం ఎగరాలి, కంఠం వెనుక గాలి తెగాలి. వేలు మాత్రమే కదిలితే అది మామూలు అనుస్వరం. గాలి మాత్రమే తెగితే ఎక్కిలి. చెక్కవేణువులో వేలికొన నేరుగా రంధ్రాన్ని తాకడంతో ఈ కదలిక ఎంత చిన్నదైనా వినబడుతుంది. మన గమకాలలో దీనికి నేరుగా సమానమైనది లేదు. స్ఫురితం దగ్గరగా తోచినా అందులో ఊనిక కింది స్వరాన్ని తాకి వస్తుంది. క్రెఖ్త్స్ పైకి ఎగిసి మధ్యలో తెగుతుంది.

గ్లిచ్ మాత్రం మనకు సుపరిచితమైన జారు. రంధ్రం మీది వేలిని మెల్లగా పక్కకు దొర్లించి స్వరాన్ని సాగదీయడం కర్ణాటకవేణువాదకులకు నిత్యకృత్యం. మూతలున్న బోమ్ వేణువుపై ఇది అసాధ్యప్రాయం. మూతల నడుమ రంధ్రాలున్న ఫ్రెంచ్ నమూనాలో అయిదు వేళ్ళకు మాత్రం వీలుంది. ఐరోపాలోనూ ఈ వేలిపని కొత్తది కాదు. 1707లో పారిస్‌లో వెలువడిన హొతెతేర్ వేణుగ్రంథం వేలితో రంధ్రపు అంచును తాకుతూ స్వరాన్ని కంపింపజేసే పద్ధతిని వివరించింది. ఫ్రెంచ్ రాజాస్థానపు ఆ సున్నితమైన కంపనాన్ని ‘దొయినా’లో వాడితే, త్సింబ్ల్ మీటుల నేపథ్యంలో, స్వరం ఆరిపోయే దీపంలా అల్లల్లాడుతుంది. దొయినా తాళరహితమైన ఆలాపన. మోల్దావియా, వలాకియాలలోని గొర్రెలకాపరుల సంప్రదాయం నుండి యూదు, రొమానీ వాద్యకారులు ఉభయులూ స్వీకరించినది. 2009లో యునెస్కో రొమేనియా దొయినాను మానవాళి అవ్యక్తవారసత్వ జాబితాలో చేర్చింది.

6. రొమానీ సంగీతం: నై, వయొలిన్

‘రొమానీ సంగీతం’ అనే ఏకసంగీతం లేదు. స్పెయిన్ నుండి రష్యా దాకా రొమానీ వృత్తికళాకారులు తామున్న ప్రాంతపు సంగీతాన్ని తమ చేతివాటంతో మలచారు. వారి భాష మాత్రం ఇండో-ఆర్యకుటుంబానికి చెందినదన్నది నిర్వివాదం. నీటిని ‘పానీ’ అనడం, ‘దుయ్, త్రిన్, ష్తార్, పంజ్’ అని లెక్కపెట్టడం మన చెవికి తెలిసినవే. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2012 నాటి జన్యుపరిశోధన కూడా వారి మూలాలను వాయవ్యభారతం వైపు సూచించింది. దీని ఆధారంగా వారి స్వరపద్ధతులు భారతదేశం నుండే నేరుగా వెళ్ళాయనడం భారతీయపాఠకునికి ప్రియమైన ఊహ. సింహేంద్రమధ్యమం, వకుళాభరణాల పోలిక చూడగానే ఆ ఊహ బలపడుతుంది. కానీ అవే స్వరాలు ఒట్టోమన్, గ్రీకు, యూదు సంప్రదాయాలలోనూ ఉన్నాయి. భాషకు ఉన్నంత స్పష్టమైన ఆధారం సంగీతానికి లేదు. కాబట్టి ఈ వ్యాసంలో మేళకర్తనామాలను వివరణసాధనంగానే వాడడమైనది, వంశవృక్షంగా కాదు.

మోల్దావియా, వలాకియాలలోని రొమానీ వృత్తివాద్యకారులను ‘లౌతార్లు’ అంటారు. వారిలో అధికులు బానిసలు. 1385 నాటి ఒక దానపత్రం తిస్మానా మఠానికి చెందిన నలభై రొమానీ కుటుంబాలను పేర్కొంటున్నది. ఈ బానిసత్వం మోల్దావియాలో 1855లో, వలాకియాలో 1856లో గానీ పూర్తిగా రద్దు కాలేదు. జమీందారుల భవనాలలో, మఠాలలో యజమాని ఆస్తిగా లెక్కింపబడిన మనుషులు ఆ ప్రాంతపు అత్యుత్తమ సంగీతానికి కర్తలు. వారి మేళం సాధారణంగా వయొలిన్, కోబ్జా అనే పొట్టిమెడ వీణ, ‘నై’. నై అంటే పొడవులు వేరువేరుగా ఉన్న గొట్టాలను వరుసగా కట్టిన వేణువు. గొట్టాన్ని పెదవి వద్ద వంచి స్వరాన్ని అర్ధస్వరం దాకా తగ్గిస్తారు. దానిని ఇరవయ్యవ శతాబ్దంలో మళ్ళీ వెలుగులోకి తెచ్చిన ఫనీకా లూకా రొమానీ కళాకారుడు. జగత్ప్రసిద్ధుడైన గెయోర్గె జంఫీర్ ఆయన శిష్యుడు.

ఈ మేళంలో మీటల చెక్కవేణువుకు స్థిరమైన స్థానం కనబడదు. గొర్రెలకాపరుల ‘ఫ్లుయెర్’, ‘కవల్’ అనే వేణువులున్నాయి గానీ అవి గ్రామీణవాద్యాలు. లౌతార్ల వృత్తివాద్యాలు కావు. కాబట్టి లౌతార్ల బాణీని చెక్కవేణువుపై వాయించేవారు నై భాషనో, వయొలిన్ భాషనో వేణువులోకి అనువదిస్తున్నారు. నై వంపుల జారును వేణువును లోపలికి తిప్పి ఊది సాధించవచ్చు. కానీ నైలో ఒక గొట్టం నుండి మరొకదానికి దూకేటప్పుడు నడుమ ఏర్పడే ఖాళీ, ఆ గాలిచప్పుడు వేణువులో రావు. వయొలిన్ విల్లు ఒత్తిడిని ఊదుడు బలంగా మార్చవచ్చు. అయితే రెండు తంత్రులను కలిపి వాయించడం ఎటూ కుదరదు. అనువాదంలో పోయేది ఏమిటో తెలిసి చేస్తే అది గౌరవనీయమైన పని. మూలమని చెప్పుకున్నప్పుడే చిక్కు.

ఈ అనువాదానికి పాత దృష్టాంతం ఉన్నది. నేటి ల్వీవ్‌లో 1821లో పుట్టి పెష్ట్, వియన్నా నగరాలలో వాయించిన ఫ్రాంజ్ డాప్లర్ బోమ్ వేణువును స్వీకరించక పాతపద్ధతి వేణువునే నమ్ముకున్నవాడు. ఆయన ‘హంగేరియన్ పాస్టొరల్ ఫాంటసీ’ నేటికీ వేణువిద్యార్థుల పాఠ్యక్రమంలో ఉన్న రచన. అందులో తొలిభాగపు స్వేచ్ఛాలయ, తీగసాగే అలంకారాలు, చివరి వేగం హంగేరీ రొమానీ వయొలిన్ వాద్యకారులు కాఫీహౌస్‌లలో వాయించిన ధోరణికి కచేరీవేదికపై నీడలు. కర్త రొమానీ కాడు, శ్రోతలూ కారు. అయినా డాప్లర్ వాయించిన రకపు వేణువుపై ఆ రచన విన్నప్పుడు, అర్ధనీడల స్వరాల మూలంగా, బోమ్ వేణువుపై వినిపించని ఒక గరుకుదనం తెలుస్తుంది.

దీనికి భిన్నమైనది ‘బరోక్ జిప్సీ’ ధోరణి. 1705 ప్రాంతంలో నేటి పోలండ్‌లో ఉన్న సోరావు ఆస్థానంలో చేరిన టెలెమన్, అక్కడి పోలిష్, హనాకియన్ పల్లెవాద్యకారుల సంగీతానికి అబ్బురపడ్డానని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1730 నాటి ఉహ్రోవెత్స్ సంకలనంలో నేటి స్లొవాకియా ప్రాంతపు నృత్యబాణీలున్నాయి. వీటన్నింటినీ కలిపి ‘జిప్సీ’ అనే ఆకర్షణీయమైన పేరు కింద బరోక్ వేణువులతో వినిపించడం ఈ శతాబ్దపు రికార్డులలో చూస్తాం. వాదనం తరచుగా చాలా గొప్పగా ఉంటుంది. కానీ టెలెమన్ పేర్కొన్నది పోలిష్ వాద్యకారులను. ఈజిప్టు నుండి వచ్చారన్న పొరపాటుతో పుట్టిన ‘జిప్సీ’ పదాన్ని అట్టమీద వేసి, లోపల ఒక్క రొమానీ వాద్యకారుని పేరైనా లేకపోవడం ఎంతవరకు సమంజసం?

7. ఎవరి జ్ఞాపకం?

బానిసత్వకాలంలోని రొమానీ సంగీతానికి మనకు దొరికే స్వరలిపి ఇతరులు రాసినది. 1834లో యాష్ నగరంలో సైనికబ్యాండ్ నాయకుడు ఫ్రాన్సువా రుషిత్స్కీ ప్రచురించిన సంపుటిలో మోల్దావియా, వలాకియా, గ్రీకు, టర్కిష్ పాటలు, నృత్యాలు కలిపి నలభై రెండు ఉన్నాయి. అవి పియానోకు కూర్చినవి. పియానోమెట్ల మధ్య పడే స్వరాలు, జారులు అందులో ఉండే వీలే లేదు. వేణువాదకుడు దానినుండి వాయించాలంటే పియానో చెరిపివేసినదాన్ని మళ్ళీ ఊహించుకోవాలి.

క్లెజ్మర్ విషయంలో నష్టం మరొక రూపంలో జరిగింది. కీవ్‌లో యూదు వాద్యసంగీతాన్ని శాస్త్రీయంగా సేకరించిన మోయిసెయ్ బెరెగోవ్‌స్కీని 1950లో సోవియట్ ప్రభుత్వం అరెస్టు చేసి శిబిరానికి పంపింది. 1955లో విడుదలయ్యాడు, 1961లో మరణించాడు. ఆయన వాద్యసంగీతసంపుటి అచ్చులో వెలువడింది 1987లో. ఆయనకు బాణీలు, సమాచారం ఇచ్చినవారి సమాజాలలో అధికభాగం అప్పటికే నాజీల చేతిలో అంతరించాయి.

ఉత్తర ట్రాన్సిల్వేనియాలోని మారమురెష్ ప్రాంతపు యూదులను 1944 మే, జూన్ నెలలలో ఔష్విట్జ్‌కు తరలించారు. వారి పెళ్ళిళ్ళలో యూదు వాద్యకారులతో పాటు రొమానీ వాద్యకారులూ వాయించేవారు. యుద్ధం తరువాత ఆ బాణీలు కోరేవారు లేకుండా పోయారు. అయినా కొందరు రొమానీ కళాకారుల వేళ్ళలో అవి మిగిలాయి. హంగేరీకి చెందిన ముజికాష్ బృందం 1993లో విడుదల చేసిన మారమురెష్ యూదు సంగీతపు ఆల్బమ్‌కు ప్రాణం పోసినవారు ఇద్దరు రొమానీ కళాకారులు: వయొలిన్‌పై గెయోర్గె కోవాచ్, సింబలమ్‌పై అర్పాద్ తోనీ. తమపై జరిగిన హింసను గురించి లోకం అంతగా మాట్లాడని ఒక జాతి, తన పొరుగుజాతి పెళ్ళిపాటలను దాచి ఉంచింది. రొమేనియా ప్రభుత్వం 1942లో సుమారు 25,000 మంది రొమానీలను ట్రాన్స్‌నిస్ట్రియాకు తరలించిందనీ, వారిలో దాదాపు 11,000 మంది అక్కడే మరణించారనీ ఇక్కడ గుర్తుచేయడం అప్రస్తుతం కాదు.

ఇప్పుడు ఒక వేణువాదకుడు ఆ ఆల్బమ్‌లోని బాణీని విని, ఎనిమిది మీటల చెక్కవేణువుపై వాయించాడనుకుందాం. అది క్లెజ్మరా, రొమానీ సంగీతమా? బాణీ యూదులది, మనకు అందిన గమకాలు, విల్లు ఊపు రొమానీ చేతివి, వాద్యం మధ్యఐరోపా కర్మాగారానిది. కచేరీపత్రంలో ‘సాంప్రదాయికం’ అన్న ఒక్కమాటతో సరిపెడితే ఈ మూడూ కనబడకుండా పోతాయి. వేణువు ఏ సంవత్సరానిదో, ఏ కర్రతో చేసినదో వివరంగా అచ్చువేసే కార్యక్రమపత్రాలు బాణీని కాపాడిన మనిషి పేరును వదిలేయడం ఈ రంగంలో అరుదు కాదు. వాద్యపు వయసు మీద ఉన్న శ్రద్ధ వాద్యకారుని మీద లేకపోవడం వింతగా తోస్తుంది.

8. రాతప్రతుల నుండి వేణువుకు

కీవ్‌లోని వెర్నాద్‌స్కీ జాతీయగ్రంథాలయంలో భద్రమైన రాతప్రతులలో జినోవీ కిసెల్‌గోఫ్ సేకరించినవి, వయొలిన్ వాద్యకారుడు మకొనొవెత్స్కీ రాసుకున్నవి ఉన్నాయి. వీటి ఛాయాప్రతులు ఇటీవల పరిశోధకులకు అందుబాటులోకి రాగా, పలుదేశాల వాద్యకారులు, అభిమానులు కలిసి వాటిని ఆధునికస్వరలిపిలోకి మారుస్తున్నారు. వేణువుకు ఇక్కడ పని ఉన్నది. ఒక బాణీ ఏ వాద్యానికి ఉద్దేశించినదో ప్రతిలో రాసి ఉండనప్పుడు, దానిని మీటల చెక్కవేణువుపై వాయించి పరిశీలించవచ్చు: స్వరాలు ‘డి’ కంటే దిగువకు ఎంతవరకు వెళ్ళాయి, వేగభాగాలలో క్రాస్ ఫింగరింగ్ ఎక్కడెక్కడ పడుతున్నది, ఊపిరి తీసుకోవడానికి పాదాల చివర చోటున్నదా, వయొలిన్ ఖాళీతంత్రుల మీదే నిలిచే విరామాలున్నాయా? వయొలిన్ కింది తంత్రి అవసరమైన బాణీ సామాన్యవేణువుకు అందదు. ఊపిరికి చోటులేని దీర్ఘవాక్యం విల్లుకే చెందుతుంది. అన్నింటికీ అవుననే సమాధానం వచ్చినా అది వేణుబాణీ అని రుజువు కాదు. వేణువుపై వాయించి ఉండే అవకాశం మాత్రమే తెలుస్తుంది.

ఇలాంటి పరిశీలన చేయాలనుకునేవారు శ్రుతి విషయంలో మొదటే జాగ్రత్తపడాలి. పాతవేణువులు నేటి 440 కంపనాల ప్రమాణానికి చేసినవి కావు. 430 ప్రాంతంలో ఉండేవీ, అంతకంటే హెచ్చుగా ఉండేవీ ఉన్నాయి. తోడుగా త్సింబ్ల్ ఉంటే దానిని వేణువుకు తగినట్లు ముందే శ్రుతిచేయాలి. పదుల కొద్దీ తంత్రులున్న ఆ వాద్యాన్ని మార్చడం కచేరీకి ముందు పావుగంటలో అయ్యే పని కాదు. శ్రుతి కలపడానికని వేణువు తలభాగాన్ని ఎక్కువగా బయటికి లాగితే రంధ్రాల మధ్య నిష్పత్తులు చెదిరి, పైన వివరించిన ఇరుకు గాంధారం, నీడ ధైవతం తమ స్థానాలు తప్పుతాయి. అప్పుడు వినిపించేది పాతవేణువు స్వభావం కాదు. మన సర్దుబాటు తప్పు.